నాగార్జునకొండ డే టూర్: గైడ్ సూపర్, భోజనం మాత్రం...

పోయిన ఆదివారం హైదరాబాద్ నుంచి ఒక ప్రైవేటు టూర్‌లో వెళ్లొచ్చాం, పేరు వద్దులెండి, తలకి 1,800, బస్సు లాంచీ భోజనం గైడు అన్నీ కలిపి. టాపిక్ "ఆస్తికులు, నాస్తికులు" అని పెట్టారు, దేవుడున్నాడా లేడా అని ఏదో వాదన పెడతారేమో అనుకున్నా.

గైడ్ రిటైర్డ్ లెక్చరరు, లాంచీలోనే మొదలెట్టేశారు. మనువు లెక్కలో నాస్తికుడంటే వేదాన్ని నిందించేవాడంట, దేవుడి ఊసే లేదక్కడ. అందుకే సృష్టికర్తతో పనే లేదన్న సాంఖ్య, మీమాంస దర్శనాల వాళ్లు వేదాన్ని ఒప్పుకున్నారు కాబట్టి ఆస్తికుల్లో ఉన్నారు, బుద్ధుడేమో బయట. మనం తిట్టులా వాడే ఛాందసుడు కూడా అసలు ఛందస్సు, అంటే వేదం చదువుకున్నవాడేనంట! మా నాన్నమ్మ గుర్తొచ్చింది, మడిబట్ట తగిలితే ఇల్లు పీకి పందిరేసేది గానీ నువ్వేం నమ్ముతావురా అని ఒక్కరోజు కూడా అడగలేదు.

మహాచైత్యం దగ్గర చెప్పిందైతే అదుర్స్. ఒకప్పుడు ఇక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు, ఆయన సోదరి శాంతిశ్రీ ఈ స్తూపానికి దానాలిచ్చింది, సరే అనుకుంటే, ఆవిడ ఆయక స్తంభాల మీద (స్తూపం చుట్టూ అరుగుల మీద నిలబెట్టే రాతి స్తంభాలు) వేయించిన శాసనంలోనే బుద్ధుడికి నమస్కారం పెట్టి, మా తోబుట్టువు అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం లాంటి వేదయజ్ఞాలు చేశాడని గొప్పగా చెప్పుకుంది. ఒకే రాయి మీద రెండూ! కాసేపు అక్కడే నిలబడిపోయా.

మరి బౌద్ధుల్లో ఛాందసం లేదా అని ఎవరో అడిగారు. ఎందుకు లేదండీ, వైశాలిలో రెండో సంగీతి, అంటే బౌద్ధ భిక్షువుల మహాసభ, పెట్టిందే దానికోసం అన్నారు గైడ్ గారు. కొమ్ములో ఉప్పు దాచుకోవచ్చా, మధ్యాహ్నం దాటితే భిక్షువులు తినకూడదు కదా, మరి నీడ రెండు వేళ్లు జరిగాక తినొచ్చా, బంగారం వెండి పుచ్చుకోవచ్చా, ఇలాంటివి పది. గొడవంతా వినయ నియమాల మీదే, అంటే భిక్షువులు ఎలా నడుచుకోవాలన్న దాని మీదే, నిర్వాణం మీద కాదు. ఈ కొండ లోయలోనే అపరశైలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు అనే బౌద్ధ శాఖలకి ఎవరి విహారం వాళ్లకుండేదంట.

ఇక మైనస్‌లు. మైకు లేదు, వెనక ఉన్నోళ్లకి సగమే వినపడింది. ఒంటిగంటకన్న భోజనం మూడింటికొచ్చింది, పప్పు చల్లారిపోయింది, పెరుగు పులిసిపోయింది, గైడ్ గారు నీడ చూసుకుని "మనం భిక్షువులమైతే ఈపూట పస్తే" అన్నారు. శుక్రవారం మ్యూజియం సెలవు, చూసుకుని బుక్ చేసుకోండి. గైడ్‌కి 5, భోజనానికి 1.