నెమగార్డ్ వేరుమూలం: ఏ నులిపురుగును ఆపుతుంది, దేనికి లొంగుతుంది

పాత పీచ్ తోట తీసేసిన నేలలోనే మళ్లీ పీచ్ నాటవలసి వచ్చి, నెమగార్డ్ వేరుమూలం (అంటుకు కింద వేరుభాగంగా ఉండే మొక్క) మీద కట్టిన అంటుమొక్కలు తెచ్చుకున్నాను. పీకేసిన చెట్ల వేళ్లు, మట్టిలో ఉండి వేళ్లను పీల్చే సన్నని నులిపురుగుల వల్ల జపమాలలోని పూసల్లా బుడిపెలు కట్టి ఉండడంతో ఆ నేలలో మామూలు మొక్క బతకదని తేలిపోయింది. ఇప్పుడు తోటకు ఐదో ఏడు. మొదళ్ల పక్కన మట్టి తీసి చూసిన ప్రతిసారీ పీచ్ చెట్ల వేళ్లు నునుపుగానే కనిపించాయి. వరుసల మధ్య మొలిచిన కలుపు వేళ్లకు మాత్రం బుడిపెలు ఉన్నాయి. అంటే పురుగు నేలను విడిచిపోలేదు, ఈ వేళ్లలో దానికి చోటు దొరకలేదు.

అమెరికా వ్యవసాయ శాఖ 1959లో విడుదల చేసిన ఈ వేరుమూలం మెలాయిడోగైనీ ఇన్‌కాగ్నిటా, మెలాయిడోగైనీ జవానికా అనే రెండు వేరుబుడిపె నులిపురుగులను బాగా నిలువరిస్తుంది. లొంగే రకాల్లో పిల్లపురుగు వేరులోకి దూరి, తన తల చుట్టూ ఉన్న కణాలను రాక్షస కణాలుగా ఉబ్బించి, వాటి సారం పీల్చి ఎదిగి, జిగురుముద్దలో వందలాది గుడ్లు పెడుతుంది. నెమగార్డ్‌లోకి దూరిన పిల్లపురుగులు చాలావరకు ఆ దశకు చేరవు.

నా అసంతృప్తి మొక్కతో కాదు, దానికి కట్టిన చీటీతో. ‘నులిపురుగులను తట్టుకుంటుంది’ అన్న ఒక్క మాటతో నర్సరీ సరిపెట్టింది. ఫ్లోరిడాలో గుర్తించి 2004లో కొత్త జాతిగా వర్ణించిన మెలాయిడోగైనీ ఫ్లోరిడెన్సిస్ నెమగార్డ్ వేళ్ల మీద కూడా పెరుగుతుంది. అది ఉన్న నేలకు ఫ్లోర్డాగార్డ్ అనే వేరుమూలం తగినది. బుడిపెలు కట్టకుండా బయటినుంచే వేళ్లను పీల్చే రింగ్ నులిపురుగు మరింత ప్రమాదకరం. అది ఎక్కువగా ఉన్న చోట చెట్లు బలహీనపడి, చలి దెబ్బకూ, బెరడును చంపే బాక్టీరియా క్యాంకరు తెగులుకూ లోనై, కాపు అందుకునే వయసులోనే చనిపోతాయి. అటువంటి నేలలో గార్డియన్ వేరుమూలం నెమగార్డ్ కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

సున్నం కూడా నెమగార్డ్‌కు పడదు. మా తోటలో మట్టిలో సున్నం ఎక్కువగా ఉన్న మూలన లేత ఆకులు ఈనెలు తప్ప అంతా పసుపెక్కాయి, ఇనుము ధాతువు ఎన్నిసార్లు పిచికారీ చేసినా మళ్లీ అదే స్థితి. సున్నాన్ని ఓర్చుకునే జీఎఫ్ 677 అనే వేరుమూలం పేరు చాలామంది సూచిస్తారు గాని, అది వేరుబుడిపె నులిపురుగులకు లొంగిపోతుంది, కనుక రెండు బాధలూ ఉన్న నేలలో దాన్ని నేను ఎంచుకోను. నీరు నిలిచే పల్లంలోనూ నెమగార్డ్ నాటకూడదు.

మొక్కలకు బయానా ఇచ్చే ముందు పాత వేళ్లనూ, వాటి చుట్టూ ఉన్న తడి మట్టినీ సంచిలో కట్టి, ఎండ తగలకుండా ప్రయోగశాలకు పంపండి. నులిపురుగులు ఉన్నాయని రాస్తే చాలదు, ఏ జాతివో రాసి ఇమ్మని అడగండి.