కోక్ ఓవెన్‌కి స్ప్రింగ్ డోర్లు: ఏడాది వాడాక నా మాట

మా బ్యాటరీలో, అంటే వరసగా కట్టిన కోక్ ఓవెన్లలో, పాత డోర్లు పీకేసి స్ప్రింగ్ డోర్లు పెట్టి ఏడాది దాటింది, ఇప్పుడు రాస్తే న్యాయంగా ఉంటుందని రాస్తున్నా. డోర్లమ్మిన కంపెనీ పేరు వద్దులెండి.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. బొగ్గుని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల దాకా 16 నుంచి 20 గంటలు కాలిస్తే కోక్ అవుతుంది, అప్పుడొచ్చే గ్యాస్‌లో తారు, బెంజీన్, బెంజోపైరీన్, అన్నీ క్యాన్సర్ తెచ్చే సరుకే. అది ఓవెన్ మీదుండే అసెన్షన్ పైపులోంచి, గ్యాస్‌ని పోగుచేసే కలెక్టింగ్ మెయిన్ అనే పెద్ద గొట్టంలోకి పోవాలి, కానీ ఛార్జింగ్ (ఓవెన్‌లో బొగ్గు నింపడం) అయిన కొత్తలో లోపల ప్రెషర్ ఎక్కువ కాబట్టి డోర్ చుట్టూ ఎక్కడ సందు దొరికితే అక్కడ పసుపచ్చ పొగై తన్నుకొస్తుంది. పాత డోర్ అంచు బిర్రుగా ఉండేది, వేడికి ఫ్రేమ్ వంగితే అది వంగేది కాదు. కొత్తదాంట్లో పల్చటి స్టీల్ రేకు, వెనక వరసగా స్ప్రింగులు, ఫ్రేమ్ ఎలా ఉంటే అలా ఒదుగుతుంది, మిగిలిన వెంట్రుకంత సందుని తారే గడ్డకట్టి మూసేస్తుంది.

మొదటి మూడు నెలలు సూపర్ అసలు. డ్యూటీ దిగి ఇంటికెళ్తే చొక్కా తారు కంపు కొట్టట్లేదని మా ఆవిడే ముందు కనిపెట్టింది.

తర్వాత మొదలైంది గోల. ఒక నైట్ షిఫ్ట్‌లో ఒక డోర్ ఎడమ కింది మూల నుంచి పొగ ఆగట్లేదు, ఆ ఓవెన్ పుషింగ్ (కోక్ బయటికి తోసే) టైమ్‌కి డోర్ తీసి చూస్తే ఫ్రేమ్ మీద చింతపిక్కంత కార్బన్ గడ్డ, అంతే, దానివల్ల మూరెడు పొడవున రేకు ఆనలేదు. గడ్డలు గీకే స్క్రేపర్ ఆ మూలకి అందదు. సర్వీస్ అబ్బాయి వచ్చి స్ప్రింగులు బిగించి వెళ్లాడు, గడ్డ అలాగే ఉండగా బిగిస్తే రేకు నొక్కుకుపోదా మరి! చివరికి డోర్లకీ ఫ్రేములకీ హైప్రెషర్ వాటర్ జెట్ క్లీనింగ్ పెట్టుకున్నాకే దారికొచ్చింది. అమ్మేటప్పుడు ఒక్క ఫ్రేమ్ వంపు కూడా కొలవలేదు వాళ్లు, నా కోపమంతా దాని మీదే.

ఇంకోటి, డోర్లు మారిస్తే పొగంతా పోతుందనుకోకండి. ఛార్జింగ్ పొగకి గూస్‌నెక్‌లో (అసెన్షన్ పైపు పైనుండే వంపు) హైప్రెషర్ అమోనియా లిక్కర్, అంటే అమోనియా కలిసిన నీళ్ల స్ప్రే కావాలి, అది ఆ పొగని మెయిన్‌లోకి లాగేస్తుంది. సరిగా ఉడకని కోక్ తోస్తే నల్ల మబ్బు లేస్తుంది, అది హీటింగ్ వాళ్ల తప్పు. క్వెంచింగ్ (ఎర్రగా కాలిన కోక్‌ని చల్లార్చడం) దగ్గర నీళ్లకి బదులు మూసిన ఛాంబర్‌లో నైట్రోజన్‌తో చల్లార్చే డ్రై క్వెంచింగ్ ఉంటే దుమ్ము తగ్గుతుంది, పైగా స్టీమ్ కూడా వస్తుంది, కానీ అది పెద్ద ఖర్చు, మా పెద్దసార్లు ఆ మాటెత్తితే ఫోన్ చూసుకుంటారు.

డోర్‌కి ఐదుకి నాలుగు, సర్వీస్‌కి రెండు. కొనేవాళ్లు ఫ్రేములు కొలిచి రిపోర్ట్ ఇచ్చాకే ఆర్డర్ పెట్టండి. మా దగ్గర బాగా వంగిన రెండు ఫ్రేములకి ఇప్పటికీ చేత్తో మట్టి మెత్తుతున్నాం.