బేర్ స్ప్రే సెట్టు: డబ్బాను నమ్మవచ్చు, ఒరను నమ్మలేం

ఎలుగుబంట్లు తిరిగే అడవుల్లో కాలినడకన వెళ్లే అలవాటు ఉన్నందువల్ల రెండేళ్లుగా ఒక బేర్ స్ప్రే సెట్టును, అంటే మీదికి వచ్చే ఎలుగుబంటిని ఆపడానికి కొట్టే ఘాటు మందు సెట్టును, వెంట ఉంచుకుంటున్నాను. అందులో మూడు వస్తువులు వచ్చాయి: 230 గ్రాముల స్ప్రే డబ్బా, దాన్ని నడుము బెల్టుకు తగిలించుకోవడానికి గుడ్డతో కుట్టిన ఒర, ఘాటు మందు లేకుండా సాధన కోసం మాత్రమే ఇచ్చే స్ప్రే డబ్బా. ఎలుగుబంటి మీద దీన్ని ప్రయోగించవలసిన అవసరం నాకు ఇంతవరకు రాలేదు. అందువల్ల మందు పనితీరు విషయంలో పరిశోధకులు తేల్చినదాన్ని, మిగతా విషయాల్లో నా అనుభవాన్ని ఆధారం చేసుకుని ఈ సమీక్ష రాస్తున్నాను.

మిరపకాయకు ఘాటునిచ్చే కాప్సైసిన్, దాని జాతికి చెందిన పదార్థాలే ఇందులోని మందు. అమెరికాలో బేర్ స్ప్రేను పర్యావరణ పరిరక్షణ సంస్థ దగ్గర నమోదు చేయించాలి. అలా నమోదైన డబ్బాల్లో ఈ పదార్థాలు 1 నుంచి 2 శాతం వరకు ఉంటాయి. నా డబ్బా మీద నమోదు సంఖ్య, మందు శాతం, గడువు తేదీ మూడూ చెరిగిపోకుండా అచ్చయి ఉన్నాయి. మనుషుల నుంచి ఆత్మరక్షణకు అమ్మే చిన్న పెప్పర్ స్ప్రే దీనికి బదులు కాదు. అది చాలావరకు సన్నని ధారగా దగ్గరి దూరానికే పోతుంది. బేర్ స్ప్రే మాత్రం వెడల్పాటి మబ్బులా విచ్చుకుని, పరుగెత్తుకొచ్చే జంతువు తనంతట తానే అందులోకి దూరేలా దారికి అడ్డం నిలుస్తుంది. కనీసం 225 గ్రాముల డబ్బా ఉండాలని, స్ప్రే ఏడున్నర మీటర్ల దూరం పోవాలని, 6 సెకన్ల పాటు ఆగకుండా రావాలని గ్రిజ్లీ (ఉత్తర అమెరికా గోధుమరంగు) ఎలుగుబంట్ల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థల ఉమ్మడి కమిటీ సూచించింది. నేను కొన్న డబ్బా లేబుల్ మీద 9 మీటర్లు, 7 సెకన్లు అని ఉంది.

మందు నిజంగా పనిచేస్తుందా అన్న సందేహం కొనేముందు నాకూ ఉండేది. అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు జరిగిన స్ప్రే ప్రయోగాలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం చదివాక అది చాలావరకు తీరింది. గోధుమరంగు ఎలుగుబంట్ల విషయంలో 92 శాతం, నల్ల ఎలుగుబంట్ల విషయంలో 90 శాతం సందర్భాల్లో స్ప్రే వాటి అవాంఛిత ప్రవర్తనను ఆపగలిగింది. దగ్గరగా ఎదురుపడినప్పుడు స్ప్రే చేతిలో ఉన్నవారిలో 98 శాతం మంది గాయపడకుండా బయటపడ్డారు. ఇక్కడ గమనించవలసిన మాట "చేతిలో ఉన్నవారిలో" అన్నది. సంచి అడుగున, తిండి పొట్లాల కింద పడి ఉన్న డబ్బా ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం లాంటిదే.

ఈ సెట్టు గురించి నా అసలు ఫిర్యాదు కూడా అక్కడే ఉంది. గోధుమరంగు ఎలుగుబంటి గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు, అంటే ముప్పై మీటర్లు దాటడానికి దానికి రెండు సెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది. డబ్బాను లాగడం, పొరపాటున నొక్కుకుపోకుండా అడ్డుండే సేఫ్టీ క్లిప్పు తీయడం, గురి చూసి నొక్కడం అన్నీ ఆ వ్యవధిలోనే జరగాలి. మొదటిసారి మైదానంలో సాధన చేసినప్పుడు మా తమ్ముడు ముప్పై మీటర్ల దూరంలో నిలబడి నా వైపు పరుగెత్తాడు. ఒర మూతకు కుట్టిన వెల్క్రో పట్టీ ఎంత బిగువుగా ఉందంటే, మూత లేస్తుంటే దానితో పాటు ఒర మొత్తం పైకి లేచి వచ్చింది. రెండో చేత్తో ఒరను కిందికి అదిమిపట్టి డబ్బా లాగేసరికి వాడు వచ్చి నా భుజం తట్టి, "అక్కా, నేను నీ దగ్గరికి వచ్చేశాను, నువ్వింకా క్లిప్పు దగ్గరే ఉన్నావు" అన్నాడు. వాడు పరుగెత్తింది మనిషి వేగంతో మాత్రమే.

ఆ రోజు మధ్యాహ్నమంతా సాధన చేసినా ఆ ఒరతో నాలుగు సెకన్ల లోపు స్ప్రే నొక్కలేకపోయాను. తరువాత దాన్ని పక్కన పెట్టి, సంచి భుజపట్టీకి ఛాతీ మీద అమర్చుకునే, పైభాగం తెరిచి ఉండి ఎలాస్టిక్ తాడుతో డబ్బా మెడను పట్టి ఉంచే వేరే ఒర కొన్నాను. దానితో రెండు సెకన్లలోపే నొక్కగలుగుతున్నాను. సంచి బరువును మోసే నడుము పట్టీ కూడా ఉంటే, నడుముకు తగిలించిన ఒర ఆ పట్టీ కింద పడి మరింత అందకుండా పోతుందన్న సంగతి తయారీదారులు ఆలోచించినట్టు లేదు.

సేఫ్టీ క్లిప్పు మాత్రం చక్కగా తయారైంది. చీకట్లో మెరిసే ప్లాస్టిక్ ముక్క అది. దాని వెనుక కొసకు బొటనవేలు ఆనించి మన వైపు లాగితే ఊడి వస్తుంది, మందపాటి చేతితొడుగులు వేసుకున్నా జారదు. ఊడిన క్లిప్పు పోకుండా సన్నని తాడుతో డబ్బాకు కట్టి ఉండటం ఎంత మేలైన ఏర్పాటో ఒక వాగు పక్కన తెలిసివచ్చింది. నీళ్ల హోరులో మా మాటలు మాకే వినబడని చోట, మలుపు తిరగగానే యాభై అరవై అడుగుల దూరంలో పండ్ల పొదల మధ్య ఒక ఎలుగుబంటి తల ఎత్తి చూసింది. డబ్బా చేతిలోకి రావడం, క్లిప్పు ఊడటం నేను ఆలోచించకుండానే జరిగిపోయాయి. గాలి నా మెడ వెనుక నుంచి దాని వైపు వీస్తోందని కూడా ఆ క్షణంలోనే గమనించాను. పరుగెత్తకుండా, తగ్గు గొంతుతో మాట్లాడుతూ ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాం. అది కాసేపు చూసి పొదల్లోకి వెళ్లిపోయింది. మలుపు దాటాక క్లిప్పును తిరిగి పెట్టబోతే నా వేళ్లు వణుకుతున్నాయి. తాడు లేకపోతే అది ఆ గడ్డిలో దొరికేది కాదు.

సాధన డబ్బా ఈ సెట్టులో అన్నిటికన్నా విలువైన వస్తువని నా అభిప్రాయం. స్ప్రే ఎంత దూరం పోతుందో, ఎదురుగాలిలో ఎలా వెనక్కి తిరుగుతుందో కళ్లతో చూస్తే తప్ప అర్థం కాదు. ఎలుగుబంటి మీదికి వస్తున్నప్పుడు దాని ముఖానికి కాకుండా దానికి ముందు, కాస్త నేల వైపు గురిపెట్టి, పది పదిహేను మీటర్ల దూరంలో ఉండగానే మొదలుపెట్టి, ఒకటి రెండు సెకన్లు కొట్టి మిగతాది దాచుకోవాలని సెట్టుతో పాటు ఇచ్చిన కరపత్రంలో ఉంది. మాటల్లో సులువే గాని, అంత దూరాన ఉన్నదాన్ని చూస్తూ కిందికి గురిపెట్టడానికి చేయి మొదట ఒప్పుకోదు. గడువు తీరిన నా పాత డబ్బాతో అసలు మందును కూడా ఒకసారి ఖాళీ స్థలంలో పరీక్షించాను. నారింజ రంగు మబ్బు తొమ్మిది మీటర్ల దాకా పోలేదు, ఆరేడు మీటర్ల దగ్గరే పలచబడింది. మందును బయటికి నెట్టే వాయువు ఒత్తిడి ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది కాబట్టే మూడు నాలుగేళ్ల గడువు పెడతారు. ఆ రోజు నాజిల్‌కు అంటిన తడిని చేతితొడుగుతో తుడిచి, అదే వేలితో కనురెప్ప సర్దుకోవడం వల్ల అరగంటకు పైగా చన్నీళ్లతో కడుక్కుంటూ కూర్చోవలసి వచ్చింది.

కరపత్రం మీద నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. దోమల మందులా గుడారం మీదో బట్టల మీదో ముందుగా చల్లుకోకూడదన్న హెచ్చరిక చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. గాలిలో మబ్బుగా ఉన్నప్పుడు తరిమికొట్టే ఈ మందు, ఎండి మరకగా మిగిలాక ఎలుగుబంట్లను వాసనతో రప్పించవచ్చు కాబట్టి ఆ మాట మొదటి పేజీలో ఉండవలసింది. కొండ సింహం (ప్యూమా అనే పెద్ద అడవి పిల్లి) ఎదురైతే ఏం చేయాలన్న ప్రస్తావన అసలే లేదు. స్ప్రే దాని మీదా పనికొస్తుంది గాని, దానికి వీపు చూపకూడదు, వంగకూడదు, చేతులెత్తి పెద్దగా కనబడాలి, మీద పడితే ఎదురు తిరిగి పోరాడాలి. గోధుమరంగు ఎలుగుబంటి తనను తాను కాపాడుకోవడానికి మీద పడినప్పుడు మాత్రం బోర్లా పడుకుని, మెడ వెనుక చేతులు జోడించి కదలకుండా ఉండాలి. ఈ రెండు పద్ధతులు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం.

భద్రపరిచే విషయంలో డబ్బా మీది సూచనలు సరిపోతాయి. సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దాటితే పేలే ప్రమాదం ఉంది కాబట్టి ఎండలో ఆపిన కారులో వదలకూడదు. గడ్డకట్టే చలిలో ఒత్తిడి తగ్గి దూరం కుంచించుకుపోతుంది కాబట్టి అలాంటి రాత్రుల్లో నేను దాన్ని స్లీపింగ్ బ్యాగ్ పక్కనే ఉంచుకుంటాను. అమెరికాలో విమాన ప్రయాణికులను దీన్ని చేతి సంచిలో గాని, చెక్-ఇన్ సామానులో గాని తీసుకువెళ్లనివ్వరు.

ఐదు మార్కులకు డబ్బాకు నాలుగున్నర, సాధన డబ్బాకు ఐదు, ఒరకు ఒకటి ఇస్తాను. విడిగా దొరికితే డబ్బా, సాధన డబ్బా మాత్రమే కొని, ఛాతీ మీది ఒరను వేరుగా ఎంచుకోండి. నడకకు బయలుదేరే ప్రతి ఉదయం నేను క్లిప్పు తీయకుండా పదిసార్లు లాగి, పదిసార్లు ఒరలో పెడుతున్నాను. ఆరు నెలలు గడిచినా ఎలాస్టిక్ తాడు ఇంకా వదులు కాలేదు.