పన్నెండు బటన్ల మౌసా, అయిదు బటన్లదా?

శుభలేఖలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవారికి ఎడమచేయి కీబోర్డు మీద, కుడిచేయి మౌస్ మీద ఉంటాయి. కుడిచేయి మౌస్‌ను వదలాల్సి వచ్చినప్పుడే పని నత్తనడకన సాగుతుంది. కోరల్‌డ్రా అనే డిజైన్ ప్రోగ్రాములో ఒక బొమ్మను అన్నిటికంటే పైకి తేవాలంటే షిఫ్ట్ పేజప్ నొక్కాలి. ఫొటోషాప్‌లో బ్రష్ సైజు మార్చాలంటే చదరపు బ్రాకెట్లు కావాలి. అన్నీ కీబోర్డుకు కుడి పక్కనే! మౌస్‌కు అప్పగించాల్సినవి ఇలాంటివే. చాలామంది మొదటి బటన్‌ను, చేసినదాన్ని రద్దుచేసే కంట్రోల్ జడ్‌కు ఇచ్చేస్తారు. ఎడమచేతికి అది ఎప్పుడూ అందుతూనే ఉంటుంది కదా, దానికి ఒక బటన్ దండగ.

ఇక ఏ మౌస్ కొనాలి? బొటనవేలి పక్కన పన్నెండు బటన్లున్నవి చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. రేజర్ నాగా, లాజిటెక్ జీ600 ఈ కోవలోవి. ఇవి ఆటల కోసం పుట్టినవి. ఈ తరహాది ఒకటి నేనూ వాడాను. ఏ బటన్ దేనికో కాగితం మీద పటం గీసి మానిటర్‌కు అంటించుకున్నాను. నెల తిరిగేసరికి నేను నిజంగా నొక్కుతున్నవి నాలుగే. అసలు ఇబ్బంది వేరే ఉంది. అక్షరం వంపు సరిచేయడానికి గీత మీది నోడ్ (చిన్న చుక్క) పట్టుకుని లాగుతూ, బొటనవేలితో ఏడో బటన్ కోసం తడుముకుంటే మౌస్ కాస్త కదులుతుంది. ఆ కాస్తకే గీత వంకరపోతుంది.

మామూలు అయిదు బటన్ల మౌస్‌ను విండోస్ నేరుగా గుర్తుపడుతుంది: ఎడమ, కుడి, చక్రం, పక్కన రెండు. దానికి ఎక్స్-మౌస్ బటన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తోడైతే ప్రతి ప్రోగ్రాముకూ వేరు వేరు అమరిక పెట్టుకోవచ్చు. ఒకే బటన్ కోరల్‌డ్రాలో బొమ్మను పైకి తెస్తుంది, ఫొటోషాప్‌లో బ్రష్‌ను పెద్దది చేస్తుంది. బటన్ నొక్కి ఉంచినంతసేపూ స్పేస్ బార్ నొక్కినట్టే ఉండేలా కూడా చేయవచ్చు. అప్పుడు ఫొటోషాప్‌లో పేజీని చేత్తో పట్టుకుని జరిపినట్టే జరపవచ్చు. అయితే డిజైన్ ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే ఈ సాఫ్ట్‌వేర్‌నూ అలాగే తెరవాలి, లేకపోతే బటన్లు పలకవు.

మూడో దారి, అమరిక మౌస్ లోపలే నిలిచిపోవడం. చాలా గేమింగ్ మౌస్‌లలో ఈ సదుపాయం ఉంటుంది. ఏ ప్రెస్సులో ఏ కంప్యూటర్‌కు తగిలించినా, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే పనిచేస్తుంది. కానీ తెర మీద ఏ ప్రోగ్రాము తెరిచి ఉందో మౌస్‌కు తెలియదు. ఫైలు ప్రెస్సుకు పంపే ముందు ఫాంట్లను కర్వ్స్ చేయడం (అక్షరాలను బొమ్మలుగా మార్చడం) మరిచిపోకూడదని ఒక బటన్‌కు కంట్రోల్ క్యూ ఇచ్చుకున్నాను. కోరల్‌డ్రాలో అది కర్వ్స్. ఫొటోషాప్‌లో అదే కంట్రోల్ క్యూ ప్రోగ్రామునే మూసేస్తుంది. పెళ్లికూతురి ఫొటో వెనుక నేపథ్యం చెరుపుతూ ఆ బటన్ నొక్కాను. సేవ్ చేయమంటారా అని అడిగింది కాబట్టి బతికిపోయాను.

అందుకే సొంత కంప్యూటర్ మీద పనిచేసేవారికి అయిదు బటన్లు, ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. పన్నెండు బటన్లకు పెట్టే డబ్బుతో మంచి కుర్చీ కొనుక్కోవడం మేలు. రోజుకో చోట కూర్చునేవారు మాత్రం అమరికను లోపలే దాచుకునే మౌస్ తీసుకుని, ఎక్కడైనా ఒకే అర్థం ఉండే డిలీట్, ఎంటర్ లాంటివే దానికివ్వాలి.

ఒంటి అక్షరపు షార్ట్‌కట్లతో మరీ జాగ్రత్త. కోరల్‌డ్రాలో పీ నొక్కితే బొమ్మ పేజీ మధ్యకు వస్తుంది. అది నాకు ఎంతో ఇష్టంగా ఉండి, పక్కనున్న రెండిటిలో ముందు వైపు బటన్‌కు ఇచ్చాను. అయితే టైప్ చేస్తున్నప్పుడు వేలు తగిలితే అది ఉత్త అక్షరమే. యూనికోడ్ కాని తెలుగు ఫాంట్‌లో ఇంగ్లిష్ అక్షరంగా కూడా కనిపించదు, ఏదో ఒక తెలుగు ముక్కై కూర్చుంటుంది. పెళ్లికొడుకు పేరు మధ్యలో అలా కూర్చున్నదాన్ని నేను చూడలేదు. ప్రూఫ్ చూడడానికి వచ్చిన మేనమామ చూశారు. అప్పటినుంచి ఆ బటన్ ఖాళీగానే ఉంది.