నవ్వు గుర్తా, ‘అండి’యా?

1982 సెప్టెంబరు 19న అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్త స్కాట్ ఫాల్‌మన్ :-) అనే నవ్వు గుర్తును ప్రతిపాదించింది, హాస్యాన్ని హాస్యంగా పోల్చుకోవడానికే. ఆ పనిలో సగం తెలుగులో చిన్న చిన్న మాటలే చేసిపెడతాయి. ఒట్టి “సరే” ముక్తసరిగా ఉంటుంది. “సరేనండి”లో మర్యాద, “సరేలే”లో కాస్త నిట్టూర్పు, “సరే మరి”లో వీడ్కోలు. ఇన్ని ఛాయలు ఒక్క నవ్వు గుర్తులో ఎక్కడివి? అప్పు అడిగిన స్నేహితుడికి “చూద్దాం :-)” అని పంపితే ఇస్తానన్నట్టా, తప్పించుకున్నట్టా? “చూద్దాంలే” అంటే ఇక అడగడు.

వెక్కిరింతకు మాత్రం గుర్తే నయం. “మహా గొప్ప పని చేశావు!” అన్న రాతలో గొంతు వినపడదు కదా; చివర కన్ను కొట్టే ;-) పెడితే గొడవ తప్పుతుంది. పెద్దవాళ్లకు రాసేటప్పుడు నేను ‘అండి’నే నమ్ముకుంటాను. మేనమామకు కన్ను కొట్టేంత ధైర్యం నాకు లేదు.