30 ఆంపుల ఇంట్లో 5 రాత్రులు

మా మాగుంట లేఔట్‌లో సాయంత్రం వాకింగ్‌కి వచ్చేవాళ్లలో సగం మంది పిల్లలు అమెరికాలోనే ఉన్నారు, అందుకని సంక్రాంతి అక్కడ చేసుకొని వచ్చామంటే నెల్లూరులో ఎవరూ వింతగా చూడరు. ఎడారిలో, వంటగదీ మంచాలూ ఉండే బస్సులాంటి బండిలో (ఆర్వీ అంటారు) 5 రాత్రులు పడుకున్నామంటే మాత్రం ఆగి మరీ అడుగుతున్నారు. ఎట్టుంది, మా వాడు కూడా తీసుకెళ్తానంటున్నాడు, మోకాళ్ల నొప్పులతో పోవచ్చా అని. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. పోవచ్చు. కరెంటు సంగతీ గ్యాసు సంగతీ తెలుసుకొని పోండి, అవి ముందుగా ఎవరూ చెప్పరు.

మా వాడు అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్‌లో ఉంటాడు. అక్కణ్ణుంచి ఐ-10 రోడ్డు మీద పడమరగా రెండు గంటలు పోతే క్వార్ట్‌సైట్ అనే ఊరు. 2020 జనాభా లెక్కల్లో రెండున్నర వేల మంది కూడా లేరు, మన పక్కన అయితే ఒక మోస్తరు పంచాయతీ. జనవరిలో మాత్రం కనుచూపు మేర తెల్లటి బళ్లే. మంచు పడే రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి రిటైరైనవాళ్లు ఇల్లంతా బండిలో సర్దుకొని వచ్చి దిగుతారు, ఎండలు ముదిరేలోపు ఏప్రిల్‌కల్లా సర్దుకొని పోతారు. వాళ్లని స్నోబర్డ్స్ అంటారని కోడలు చెప్తే, అయితే చలికాలం వచ్చిపోయే మన పులికాట్ సరస్సు ఫ్లెమింగోలే కదమ్మా అన్నాను (2022లో ఆ సరస్సు పక్కనున్న సూళ్లూరుపేటని మా నెల్లూరు నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపేశారు గానీ, పక్షుల విషయంలో మేం ఇంకా ఒప్పుకోలేదు).

అక్కడ ఉండటానికి రెండు దారులు. ఊరి పక్కనే లా పోసా అని ప్రభుత్వ భూమి ఉంది, సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా పాస్ తీసుకొని ఎక్కడ బుద్ధిపుడితే అక్కడ బండి పెట్టుకోవచ్చు, చాలా చవక. కానీ బండి దగ్గరికి కరెంటు రాదు, కుళాయి రాదు, సోలారో జనరేటరో మనదే, నీళ్లు మనమే పట్టి తెచ్చుకోవాలి. రెండోది ప్రైవేటు ఆర్వీ పార్కు, అక్కడ బండి పక్కనే మూడూ ఉంటాయి: కరెంటు, నీళ్లు, డ్రైనేజీ గొట్టం. దాన్ని ఫుల్ హుకప్ అంటారు. మా వాడు లా పోసా లా పోసా అని ఒకటే గోల. "అత్తయ్యా మావయ్యలతో మొదటిసారే అక్కడికా?" అని కోడలు అడ్డం పడింది కాబట్టి బతికిపోయాం. పార్కుకి రాత్రికి 60 డాలర్లు పడింది. మా ఆయన దాన్ని రూపాయల్లోకి మార్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

పార్కంటే చెట్లూ పచ్చికా అనుకోకండి. కంకర పరిచిన స్థలం, బండికి ఒక స్తంభం, దానికి ప్లగ్గు, పక్కన కుళాయి, నేలలో మూత పెట్టిన గొట్టం. బుకింగ్‌లో చూపించిన ఫొటోలో కొండలున్నాయి, మా కిటికీలోంచి పక్కవాళ్ల బండి అద్దం కనిపించింది. కొండలు చూడాలంటే కుర్చీ తీసుకొని దారి మీదికి రావాలి. వచ్చాం లెండి, సాయంత్రం ఆరవబోతుంటే ఆ కొండలు ముందు ఎర్రగా, తర్వాత వంకాయ రంగులోకి మారడం రోజూ చూశాం, అది మాత్రం 60 డాలర్లకి సరిపోయింది.

ఇక కరెంటు. మాకు ఇచ్చింది 30 ఆంపుల పాయింటు. అక్కడ 120 వోల్టులే కాబట్టి మొత్తం 3,600 వాట్లు, అంతకు మించితే ఠప్. హీటర్ 1,500, ఇండక్షన్ పొయ్యి 1,800, అప్పటికే అయిపోయింది కదా, మొదటి రాత్రి మా ఆయన పాలు వేడి చేసుకుందామని మైక్రోవేవ్ నొక్కారు. చీకటి. ఆ మర్నాటినుంచి "అత్తయ్యా, పొయ్యి పెడుతున్నాను, హీటర్ ఆపండి" అని కోడలు కేకేయడం, నేను ఆపడం, అన్నం అయ్యేదాకా అందరం శాలువాలు కప్పుకొని కూర్చోవడం. ఇది మా తప్పే, ఒప్పుకుంటాను. కానీ రెండో రాత్రి ఒక్క హీటర్ మీదే రెండుసార్లు పోయింది, స్తంభం మీద బ్రేకరే అరిగిపోయి ఉంది. ఆఫీసు అయిదుకే మూసేస్తారు, బోర్డు మీదున్న నంబరుకి చేస్తే ఎత్తేవాడు లేడు. మర్నాడు వచ్చి మార్చారు, సారీ లేదు, ఒక డాలరు తగ్గించిందీ లేదు. మీ పిల్లలు పెద్ద బండి తీసుకుంటే 50 ఆంపుల పాయింటు అడగమనండి. పేరుకే 50, రెండు లైన్లు వస్తాయి కాబట్టి 12,000 వాట్ల దాకా లాగుతుంది, మూడింతల కంటే ఎక్కువ.

చలి గురించి. పగలు 20 డిగ్రీలు, ఎండలో కూర్చుంటే హాయి, మన డిసెంబరు పొద్దున్నలా. రాత్రి 4కి పడిపోయింది. ఎడారి గాలిలో తేమ లేదు, పైన మబ్బు లేదు, పగలంతా పట్టిన వేడి పొద్దు గూకగానే పైకి పోతుంది. మైపాడు సముద్రపు గాలికి అలవాటుపడ్డ ఒళ్లు మాది, పెదాలు పగిలి, ముక్కు ఎండిపోయి నానా తిప్పలు. కొబ్బరినూనె సీసా దగ్గర పెట్టుకోండి. బండిలో గ్యాసుతో నడిచే హీటర్ ఒకటి విడిగా ఉంటుంది, కరెంటు బాధ లేదని రాత్రంతా దాన్నే వేసుకున్నాం. మూడో రాత్రి 3 గంటలకి గ్యాసు అయిపోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, చల్లగాలి కొడుతూ. ఇంట్లో అయితే సిలిండరు కాస్త ఎత్తి చూసి ఇంకా వారం వస్తుందని చెప్పేదాన్ని, ఇక్కడ ట్యాంకు బండి కిందనే బిగించేసి ఉంది. అద్దెకిచ్చినవాళ్లు సగమే నింపి ఇచ్చారని గోడ మీది లైట్లు మొదటిరోజే చెప్తున్నాయట, చూసినవాళ్లెవరు? తాళాలు తీసుకునేటప్పుడే ఆ లైట్లు నొక్కి చూడండి.

మా ఆయనకి అన్నిటికంటే టెన్షన్ పెట్టింది మరుగుదొడ్డి ట్యాంకు. గొట్టం ఎటూ తగిలించే ఉందిగా, వాల్వు తెరిచి పెట్టేస్తే ఎప్పటిదప్పుడు పోతుందనుకున్నారు. పక్క బండి కెనడా పెద్దాయన చూసి పరుగున వచ్చి ఆపాడు. అట్లా వదిలేస్తే నీళ్లు పోయి మిగతాది లోపలే కుప్పగా పేరుకుంటుందట. మూడొంతుల్లో రెండొంతులు నిండేదాకా మూసి ఉంచాలి, ముందు మరుగుదొడ్డిది వదలాలి, ఆ వెనకే స్నానాల నీళ్లు వదిలితే గొట్టం కూడా కడుక్కుపోతుంది. లేకపోతే లోపల పిరమిడ్ లేస్తుందన్నాడు. ఆ ఊళ్లో నిజం పిరమిడ్ ఒకటుంది, 1850లలో అమెరికా సైన్యం ఒంటెలు తెప్పించినప్పుడు వాటితో వచ్చిన హాజీ అలీ సమాధి. అక్కడివాళ్లకి నోరు తిరగక హై జాలీ చేశారు, 1902లో పోయాడు, సమాధి కొసన లోహపు ఒంటె బొమ్మ. చూసి రండి, పది నిమిషాల పని. మా ఆయన మాత్రం అక్కడ ఫొటోకి నిలబడనన్నారు.

బట్టలుతికే గది శుభ్రంగా ఉంది, పావలా డాలరు నాణేలు బోలెడు కావాలి. స్నానాల గదిలో వేడినీళ్లు ధారాళం.

నాలుగోరోజు చేపల పులుసు పెట్టాను. బండిలో పెడితే వాసన వారం పోదని బయట చిన్న గ్యాసు పొయ్యి మీద, ఫీనిక్స్‌లో కొన్న ఫ్రీజరు చేపతో, పచ్చిమామిడి ముక్కలు కూడా ఫ్రీజరువే. ఎలా ఉంటుందో అని భయపడ్డాను గానీ ఫర్వాలేదు. కెనడా పెద్దావిడ వాసనకి వచ్చి పక్కన నిలబడింది. పులుసు సంగతి అడక్కుండా నా చేతిలో గరిటె చూసి అదేం చెక్క అంది. మా ఉదయగిరిలో చేసే చెక్క గరిటె. ఎవరికైనా ఇవ్వొచ్చని నాలుగు పట్టుకుపోయాను, ఒకటి ఆమె చేతిలో పెట్టాను. కాడని బొటనవేలితో నిమిరి, పులుసు కొసరంత నాలికకి రాసుకొని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంకొంచెం వెయ్యమంది.

మళ్లీ పోతామా అంటే, మా ఆయన సరే అన్నారు. 50 ఆంపులైతేనే అన్నారు.