ఘెంట్ సెయింట్ బావో కెథడ్రల్: గొర్రెపిల్లను చూడటానికి వెళ్లేవాళ్లకు

బెల్జియంలోని ఘెంట్‌కు వచ్చేవాళ్లలో చాలామంది సెయింట్ బావో కెథడ్రల్‌కు వెళ్లేది ఒక్క చిత్రం కోసమే. హ్యూబర్ట్ వాన్ ఐక్ మొదలుపెట్టగా, అతను చనిపోయాక తమ్ముడు యాన్ 1432లో పూర్తిచేసిన 'దేవుని గొర్రెపిల్ల ఆరాధన' అది; గొర్రెపిల్ల ఇక్కడ యేసుకు గుర్తు. బొమ్మ ఒకటే అయినా ఓక్ పలకలు చాలా ఉన్నాయి, పక్క పలకలు తలుపుల్లా తెరుచుకుంటాయి, వాటిని రెండు వైపులా చిత్రించారు. ఈ సంగతి తెలియకుండా వచ్చినవాళ్లు ఎదురుగా పది నిమిషాలు నిలబడి, సగం చూసి వెళ్లిపోతారు.

కెథడ్రల్‌లోకి వెళ్లడానికి డబ్బు కట్టక్కర్లేదు. టికెట్ ఈ చిత్రానికే. సమయం ఎంచుకుని ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోవడం మేలు. ఆదివారం ఉదయం పూజలుంటాయి కనుక చిత్రం మధ్యాహ్నం గాని చూడనివ్వరు. అన్నిటికంటే ముఖ్యం: పై వరుస పలకల పునరుద్ధరణ 2023లో మొదలైంది. ఆ పని జరిగేది కెథడ్రల్‌లో కాదు, నగరంలోని లలితకళల మ్యూజియంలో. ఏ పలకలు కెథడ్రల్‌లో ఉన్నాయో, ఏవి లేవో చూసుకున్నాకే టికెట్ కొనండి.

టికెట్లు రెండు రకాలు. ఒకదానితో నేరుగా చిత్రం దగ్గరికి వెళ్లొచ్చు. రెండోది తీసుకుంటే కింది నేలమాళిగలో తలకు తగిలించుకునే డిజిటల్ కళ్లద్దాలిచ్చి చరిత్ర చూపిస్తారు. చరిత్ర బొత్తిగా తెలియకపోతే బాగుంటుంది. కాస్త చదివి వచ్చినవాళ్లకు మాత్రం ఆ సమయం అసలు బొమ్మ ముందు గడపడమే లాభం. 'క్లోజర్ టు వాన్ ఐక్' అనే వెబ్‌సైట్‌లో ప్రతి పలకనూ వెంట్రుకవాసి దాకా పెద్దది చేసి ఉచితంగా చూడొచ్చు. ఇంట్లో ఒక సాయంత్రం దానికి కేటాయించండి.

లోపలికి వెళ్లాక నేరుగా చిత్రం ఉన్న గాజు పెట్టె దగ్గరికి పరుగెత్తకండి. ముందు వైడ్ చాపెల్ (కెథడ్రల్ లోపలి చిన్న ప్రార్థన గది) వెతకండి. యోస్ వైడ్, ఆయన భార్య ఎలిజబెత్ బోర్లూట్ ఈ చిత్రాన్ని చేయించుకున్నది ఆ చాపెల్ కోసమే. అక్కడ వెలుగు కుడివైపు కిటికీల నుంచి పడుతుంది. చిత్రంలోనూ వెలుగు కుడి నుంచే. బయటి తలుపుల మీద దేవదూత గబ్రియేలు, యేసు తల్లి మరియ ఉన్న గది నేల మీద చట్రాల నీడలు పడినట్టు గీశారు. చట్రం నిజం, దాని నీడ బొమ్మ! 2021 నుంచి చిత్రం శాక్రమెంట్ చాపెల్‌లో, గాజు వెనక ఉంది. తేమ మారితే ఓక్ చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, పైనున్న రంగు పెళ్లలు లేస్తుంది కనుక గాజు తప్పదు. కానీ ఆ కిటికీ వెలుగుకూ బొమ్మకూ ఉన్న చుట్టరికం తెగిపోయింది. పాత చాపెల్ చూసి వస్తే ఆ లోటు కొంత పూడుతుంది.

బయటి వైపు, దేవదూతకు మరియ ఇచ్చిన జవాబు అక్షరాలు తలకిందులుగా ఉంటాయి. "ఇదిగో ప్రభువు దాసురాలను" అనే మాట పైనున్న దేవుడు చదువుకోవాలి కదా. లోపల ఆదాము చేతులు ఎండకు కమిలినట్టున్నాయి, ఒంటి రంగు వేరు. అతని పాదం కింది నుంచి కనిపిస్తుంది, ఎందుకంటే ఆ పలక ఎత్తులో ఉండేదని చిత్రకారుడికి తెలుసు. పై వరుస కోసం చిన్న బైనాక్యులర్ తెచ్చుకోండి.

ఇక గొర్రెపిల్ల ముఖం. పాత ఫొటోల్లో చూసిన గొర్రెకూ ఇప్పుడున్నదానికీ పోలిక ఉండదు. పదహారో శతాబ్దంలో ఎవరో పైన రంగు పూసి మామూలు గొర్రెను చేశారు. 2012లో మొదలైన పునరుద్ధరణలో ఆ పొర తీసేస్తే, కళ్లు ముందుకు తిప్పి సూటిగా చూసే అసలు ముఖం బయటపడింది. పాడుచేశారని గోల చేసినవాళ్లున్నారు; నిజానికి వాన్ ఐక్ గీసింది ఇదే.

కింది వరుసలో ఎడమ చివరి పలక, న్యాయాధిపతులది, అసలుది కాదు. 1934 ఏప్రిల్‌లో ఒక రాత్రి దొంగలెత్తుకుపోయారు, ఇప్పటికీ దొరకలేదు. అక్కడున్నది యెఫ్ వాన్ డెర్ వేకెన్ వేసిన నకలు. పక్క పలకతో పోల్చి చూడండి, నకలు మంచిదే గానీ రంగుల లోతు అందదు. వాన్ ఐక్ నూనె రంగును పలచగా పొర మీద పొరగా వేశాడు, వెలుగు ఆ పొరల్లోకి దిగి తిరిగి వస్తుంది.

మిగతావాటిలో రూబెన్స్ చిత్రం ఉంది: సెయింట్ బావో మఠంలో చేరే ఘట్టం. లారెంట్ డెల్వో 1740లలో చెక్కిన ఓక్, పాలరాతి ప్రసంగ వేదికను చుట్టూ తిరిగి చూడాలి. నేలమాళిగలో యుస్టస్ వాన్ ఘెంట్ సిలువ చిత్రాన్ని చాలామంది దాటిపోతారు. పొరపాటు. అన్నిటికీ కలిపి రెండున్నర గంటలు పెట్టుకోండి, అందులో సగం గొర్రెపిల్లకే ఇవ్వండి.